రోటరీ ఇంజనుకు టర్బో: సీల్స్ నిలవాలంటే ఏ పని ముందు, ఏది తరువాత

పిస్టన్లకు బదులు త్రికోణపు రోటర్లు తిరిగే రోటరీ ఇంజనుకు టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజనులోకి అదనపు గాలిని కుక్కే పంపు) బిగిస్తే ఇక అది మన్నదని చాలామంది తీర్పు చెప్పేస్తారు. ఆ మాటలో సగమే నిజం. మజ్డా 1982లోనే కాస్మో కారులో 12ఎ రోటరీకి టర్బో పెట్టి అమ్మింది. 1991 నుంచి 2002 వరకు తయారైన మూడో తరం ఆర్‌ఎక్స్-7, అంటే అభిమానులు ఎఫ్‌డి అని పిలిచే కారు, టర్బో లేకుండా అసలు రానే లేదు. అందులోని 13బి-ఆర్‌ఈడబ్ల్యూ ఇంజనుకు ఫ్యాక్టరీలోనే రెండు టర్బోలు బిగించారు. సరిగ్గా చూసుకున్నవాళ్ల దగ్గర ఆ ఇంజన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

రోటరీని చంపేది బూస్ట్ (టర్బో గాలిని కుక్కే ఒత్తిడి) ఒక్కటే కాదు. వేడి, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) కలిసి చంపుతాయి. ఈ రెండింటినీ అదుపులో పెట్టే పనులు ముందు ముగించి, టర్బోను చివర్లో బిగించినవాళ్ల ఇంజన్లు నిలుస్తాయి. టర్బో ముందు కొని, రేడియేటరు సంగతి, పెట్రోలు పంపు సంగతి తరువాత చూద్దామనుకున్నవాళ్లవి పోతాయి. ఈ మార్గదర్శిలోని వరుస అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

మన రోడ్ల మీద మజ్డా పేరు స్వరాజ్ మజ్డా వ్యాన్ల వల్ల పరిచయం. రోటరీ కార్లను ఆ కంపెనీ భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు. కాబట్టి ఈ పని ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియా వంటి చోట్ల పాత ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 కొనుక్కున్న తెలుగువాళ్లకు పనికొస్తుంది. ఇంజన్ల మీద ఇష్టం ఉన్న ఎవరైనా చదవవచ్చు.

ముందుగా: లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

13బి ఇంజనులో రెండు రోటర్లు ఉంటాయి. ఒక్కొక్కటి మూడు మూలల త్రికోణం, ఒక్కో గది పరిమాణం 654 సీసీ. రెండూ కలిపి 1,308 సీసీ, అందుకే 1.3 లీటర్లు అంటారు. రోటరు ఒక చుట్టు తిరిగేలోగా మధ్యలోని ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ ప్రతి చుట్టుకూ ఒక్కో రోటరు ఒకసారి మండుతుంది. దాని వల్ల ఈ చిన్న ఇంజను గాలిని మింగే తీరు 2.6 లీటర్ల నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజనుతో సమానం. టర్బో ఎంచుకునేటప్పుడు ఈ లెక్క మళ్లీ అక్కరకు వస్తుంది.

రోటరు మూడు మూలల్లోనూ ఒక్కో ఎపెక్స్ సీల్ ఉంటుంది. 1986 తరువాతి 13బి ఇంజన్లలో దీని మందం 2 మి.మీ., పొడవు దాదాపు 80 మి.మీ. ఇనుముతో చేసిన ఈ సన్నని పట్టీయే ఒక గదిలోని మంట పక్క గదిలోకి పోకుండా ఆపాలి. రోటరు మూలలో గాడి, గాడిలో స్ప్రింగు, దాని మీద సీల్. అది బయటి హౌసింగ్‌కు క్రోమ్ పూసిన లోపలి గోడను నిరంతరం రాచుకుంటూ తిరుగుతుంది. 1960లలో హిరోషిమాలో కెనిచి యమమోతో నాయకత్వాన 47 మంది ఇంజనీర్లు రోటరీ మీద పని మొదలుపెట్టినప్పుడు వాళ్లను ఎక్కువగా ఏడిపించింది ఈ సీలే. గోడ మీద అలలు అలలుగా పడిన గీతలను వాళ్లు దయ్యం గోళ్ల గుర్తులని పిలిచారు.

నాకింగ్ అంటే మిశ్రమం మంట వరుసగా పాకకుండా మిగిలిన భాగం ఒక్కసారిగా పేలడం. పిస్టన్ ఇంజను కాసేపు దాన్ని ఓర్చుకుంటుంది. ఇక్కడ ఆ దెబ్బ నేరుగా 2 మి.మీ. పట్టీ మీద పడుతుంది. బూస్ట్ ఎక్కువగా ఉన్నప్పుడు కొన్ని సెకన్లు చాలు, సీల్ విరుగుతుంది. విరిగిన ముక్క హౌసింగ్ గోడను గీరి, ఎగ్జాస్ట్ ద్వారం గుండా బయటికి పోతూ టర్బో టర్బైన్ రెక్కలను కూడా కొడుతుంది. అంటే ఒక్క తప్పుకు ఇంజను, టర్బో రెండూ పోతాయి. కింద చెప్పే ప్రతి పనీ ఆ కొన్ని సెకన్లు రాకుండా చూడటానికే.

అడుగు 1: మీ ఇంజను ఏదో చూసుకోండి

టర్బోతోనే పుట్టిన ఎఫ్‌సి (రెండో తరం ఆర్‌ఎక్స్-7) టర్బో, ఎఫ్‌డి ఇంజన్ల సంగతి ఒకటి, ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ సంగతి ఇంకొకటి. ఎఫ్‌డి ఇంజను కంప్రెషన్ నిష్పత్తి (గదిలోని మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో చెప్పే అంకె) 9.0. రెనెసిస్‌ది 10.0. నిష్పత్తి పెరిగినకొద్దీ అదే బూస్ట్‌కు నాకింగ్ దగ్గరపడుతుంది.

దానికన్నా పెద్ద తేడా ఎగ్జాస్ట్ ద్వారాలది. పాత 13బిలో అవి హౌసింగ్ అంచున ఉంటాయి, మంట సూటిగా బయటికి దూకుతుంది, టర్బైన్‌కు బలమైన తోపు దొరుకుతుంది. రెనెసిస్‌లో మజ్డా వాటిని పక్కనున్న ఇనుప ప్లేట్లలోకి మార్చింది. కాలుష్యం తగ్గింది, పెట్రోలు ఖర్చు కాస్త తగ్గింది. కానీ మధ్య ప్లేటులోని ద్వారం రెండు రోటర్ల పొగనూ ఒక్కటే మోస్తుంది. టర్బో లేనప్పుడే అక్కడ వేడి ఎక్కువ. టర్బో పెడితే వెనక ఒత్తిడి పెరిగి ఆ వేడి ప్లేటులోకి, పక్క సీల్స్‌లోకి ఇంకుతుంది.

కాబట్టి ఆర్‌ఎక్స్-8 ఉన్నవాళ్లకు నా మాట ఇది: రెనెసిస్ మీద బూస్ట్ 0.4 నుంచి 0.5 బార్ (ఒత్తిడి కొలత) దాటకండి. అంతకు మించి కావాలంటే ఆ కారులో 13బి-ఆర్‌ఈడబ్ల్యూ దించడం మేలు. ఖర్చు ఎక్కువే, అయినా రెండుసార్లు రెనెసిస్ విప్పి కట్టించుకోవడం కన్నా తక్కువే అవుతుంది.

అడుగు 2: కంప్రెషన్ కొలవకుండా ఒక్క రూపాయి ఖర్చు చేయకండి

లోపల సీల్స్ అరిగిపోయిన ఇంజను మీద మెరిసే టర్బో బిగిస్తే అది పైన పటారం, లోన లొటారం. రోటరీకి ప్రత్యేకమైన కంప్రెషన్ మీటరు ఉంటుంది. అది ఒక రోటరులోని మూడు గదులకూ మూడు అంకెలు వేరువేరుగా చూపి, స్టార్టరు తిప్పిన వేగాన్ని కూడా చెబుతుంది. ఆ వేగం ముఖ్యం. ఎందుకంటే కొలతలన్నీ 250 ఆర్‌పీఎం దగ్గర లెక్క. స్టార్టరు వేగంగా తిప్పితే అంకె పెరుగుతుంది, సరిదిద్దకపోతే మోసపోతాం.

ఇంజను బాగా వేడెక్కాక, బ్యాటరీ నిండుగా ఉండగా, ఇంధనం, స్పార్కు రెండూ ఆపి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి కొలవాలి. ఆర్‌ఎక్స్-8కు మజ్డా చెప్పిన ప్రమాణం 830 కిలోపాస్కళ్లు, కనీసం 680. ఒకే రోటరులోని మూడు గదుల మధ్య తేడా 150 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య 100 దాటకూడదు. ఎఫ్‌డికి కూడా కనీస అంకె సుమారు ఇంతే.

ఇది కనీసం మాత్రమేనని మరచిపోవద్దు. 690 వచ్చిన ఇంజను రోడ్డు మీద తిరగడానికి సరే, టర్బోకు పనికిరాదు. నేనైతే 780కి తగ్గకుండా, మూడు గదులూ దాదాపు సమానంగా ఉంటేనే ముందుకు వెళతాను. ఒక గది మాత్రం బాగా తక్కువ చూపితే ఒక పక్క సీల్ కదలకుండా బిగుసుకుపోయిందని, పక్కపక్కనే ఉన్న రెండు గదులు తక్కువ చూపితే ఆ రెండింటి మధ్య ఉన్న ఎపెక్స్ సీల్ పోయిందని సాధారణంగా అనుమానించాలి.

ప్రత్యేక మీటరు దొరకకపోతే మామూలు గేజు చివర ఉండే చిన్న వాల్వు తీసేసి ముల్లు కదలిక చూడండి. మూడు దెబ్బలు సమానంగా పడాలి. ఒకటి బలహీనంగా పడితే అక్కడే ఆగండి. వాల్వు తీయకపోతే ఆ గేజు మూడింటిలో ఎక్కువ ఉన్నదాన్నే చూపి తప్పు ధైర్యం ఇస్తుంది. కారు అమ్మేవాళ్లు చూపించే ఒక్క అంకె నివేదికల్ని ఈ కారణంగానే నమ్మకూడదు.

ఇంజను విప్పి కట్టాల్సి వస్తే సీల్స్ ఎంపిక అప్పుడే. మజ్డా అసలు సీల్స్ హౌసింగ్‌ను తక్కువ అరగదీస్తాయి, కానీ నాకింగ్ వస్తే ముక్కలవుతాయి. బయటి కంపెనీల మెత్తని సీల్స్ విరగకుండా వంగుతాయి, టర్బో బతుకుతుంది, కానీ హౌసింగ్ గోడ త్వరగా అరుగుతుంది. రోజూ నడిపే కారుకు, బూస్ట్ మితంగా ఉంటే నేను అసలు సీల్స్‌కే మొగ్గు చూపుతాను. 1991లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన మజ్డా 787బి రేసు కారులో సెరామిక్ సీల్స్ వాడారు, వాటి ధర ఆ స్థాయిలోనే ఉంటుంది. ఆ నాలుగు రోటర్ల ఇంజనుకు టర్బో లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోదగ్గది. 24 గంటలు నిలవాల్సిన చోట మజ్డా టర్బో జోలికి పోలేదు.

అడుగు 3: శక్తి ఎంత కావాలో కాగితం మీద రాయండి

ఎంత కావాలో ముందే తేల్చుకోనివాళ్లు ఎప్పటికీ ఆగరు. ఎఫ్‌డి ఇంజను ఫ్యాక్టరీలో 255 అశ్వశక్తితో మొదలై, జపానులో చివరి మోడళ్లకు 280కి చేరింది. అన్ని జాగ్రత్తలతో 300 నుంచి 350 వరకు దాన్ని రోజువారీ కారుగా నడుపుకోవచ్చు. 400 దాటాక సీల్స్‌తో పాటు ఇంజను ఒళ్లే సమస్య అవుతుంది. వెనక ఇనుప ప్లేటు డోవెల్ పిన్ను (ప్లేట్లను వరుసలో పట్టి ఉంచే కడ్డీ) దగ్గర పగలడం ఎక్కువ టార్కుతో నడిపే 13బిలకు తెలిసిన జబ్బు. అక్కడికి వెళ్లాలంటే అదనపు డోవెల్స్ గానీ బలమైన స్టడ్లు గానీ వేయించాలి, అంటే ఇంజను మొత్తం విప్పాలి.

అడుగు 4: చల్లదనం

నా లెక్కలో డబ్బు మొదట పోయాల్సింది ఇక్కడ. రోటరీలో ఒకే పక్క ఎప్పుడూ మండుతుంది, ఎదురు పక్క ఎప్పుడూ చల్లని గాలి పీలుస్తుంది. అందువల్ల ఇంజను ఒంటి మీద వేడి సమంగా ఉండదు. పైగా అల్యూమినియం హౌసింగ్‌లు, ఇనుప ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటి పేర్చి పొడవాటి బోల్టులతో బిగించి ఉంటాయి. వేడికి రెండు లోహాలూ వేరువేరు కొలతల్లో పెరుగుతాయి. వాటి మధ్య కూలెంట్‌ను ఆపే రబ్బరు రింగులు ఒక్కసారి బాగా వేడెక్కితే చాలు, మాడిపోయి కూలెంట్ గదిలోకి కారుతుంది. ఎపెక్స్ సీల్ గురించి అందరూ భయపడతారు. నీటి సీల్స్ పోయి విప్పిన ఇంజన్లు కూడా తక్కువేమీ కాదు.

ఎఫ్‌డి ఉంటే ముందుగా కూలెంట్‌లోని గాలిని వేరుచేసే నల్లని ప్లాస్టిక్ ఎయిర్ సెపరేటర్ ట్యాంకును తీసి అల్యూమినియంది పెట్టండి. ఏళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసై, అతుకు దగ్గర చీలుతుంది, కూలెంట్ మొత్తం పోతుంది. తరువాత మందపాటి అల్యూమినియం రేడియేటరు. కింది తొడుగును ఎన్నడూ తీసేసి నడపకండి. ఎఫ్‌డిలో గాలి రేడియేటరు గుండా పోవాలంటే ఆ తొడుగు ఉండి తీరాలి. ఫ్యాక్టరీ లెక్కలో ఫ్యాన్లు 105 డిగ్రీల దగ్గర గానీ తిరగవు. దాన్ని 90 నుంచి 95 మధ్య తిరిగేలా మార్చండి.

డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లును నమ్మకండి. ఎఫ్‌డిలో అది చాలా విస్తారమైన పరిధిలో నడిమధ్యన కదలకుండా కూర్చుంటుంది. అది పైకి లేచేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. కూలెంట్‌కు, ఆయిల్‌కు అంకెలు చూపే గేజులు వేరుగా పెట్టుకోండి. కూలెంట్ 100 దాటితే కాలు తీయండి, 110 దగ్గరికి వస్తే బండి ఆపండి.

ఆయిల్ చల్లదనాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. రోటర్లను లోపలి నుంచి చల్లబరిచేది నీరు కాదు, ఆయిలే. షాఫ్ట్‌లోని సన్నని జెట్ల నుంచి అది రోటరు లోపలికి చిమ్ముతుంది. ఎఫ్‌డిలో మామూలు మోడళ్లకు ఒక ఆయిల్ కూలరు, అమెరికా ఆర్1, ఆర్2 మోడళ్లకు రెండు వచ్చాయి. టర్బో శక్తి పెంచేవాళ్లకు రెండు ఉండాల్సిందే.

అడుగు 5: సీల్స్‌కు ఆయిల్

రోటరీ ఆయిల్ తాగడం జబ్బు కాదు, దాని తీరే అది. మీటరింగ్ పంపు కొద్దికొద్దిగా ఇంజను ఆయిల్‌నే గదిలోకి పంపి ఎపెక్స్ సీల్స్‌ను తడుపుతుంది. ఎఫ్‌డిలో, ఆర్‌ఎక్స్-8లో ఈ పంపు ఎంత ఆయిల్ పోయాలో ఫ్యాక్టరీ కంప్యూటరే విద్యుత్తుతో అదుపు చేస్తుంది. మీరు బయటి ఇంజను కంప్యూటరు పెట్టినప్పుడు అది ఈ పంపును అదుపు చేయగలదో లేదో మొదటే అడగండి. చేయలేకపోతే సీల్స్‌కు చాలినంత ఆయిల్ అందదు. అప్పుడు ప్రతిసారీ పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం తప్పనిసరి.

పంపు పనిచేస్తున్నా కలపమనే నా సలహా. లీటరు పెట్రోలుకు 4 నుంచి 8 మి.లీ. చాలు. శుభ్రంగా మండే మంచి రకం తీసుకోండి. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలని అనుకోవద్దు, ఆయిల్ పెట్రోలు ఆక్టేన్‌ను (నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని) కొద్దిగా తగ్గిస్తుంది, ప్లగ్గుల మీద మసి పేరుకుంటుంది.

టర్బో నుంచి తిరిగొచ్చే ఆయిల్ గొట్టం లావుగా, ఎక్కడా సాగి కిందికి వేలాడకుండా, సంపులోని ఆయిల్ మట్టానికి పైనే చేరాలి. అది సరిగా దిగకపోతే ఆయిల్ టర్బో సీల్స్ దాటి పొగవుతుంది. మీరు ఇంజనునే అనుమానించి నెలలు పోగొట్టుకుంటారు.

అడుగు 6: పెట్రోలు వ్యవస్థ

ఒకే శక్తికి పిస్టన్ ఇంజను కన్నా రోటరీకి ఎక్కువ పెట్రోలు కావాలి. టర్బో రోటరీకి ఒక అశ్వశక్తికి గంటకు సుమారు 0.3 కిలోలు లెక్క వేసుకోండి. 300 అశ్వశక్తికి గంటకు 90 కిలోలు, అంటే దాదాపు 120 లీటర్లు, నిమిషానికి 2,000 సీసీ. ఇంజెక్టర్లను వాటి సామర్థ్యంలో 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి మొత్తం కలిపి సుమారు 2,350 సీసీ ఉండాలి. ఎఫ్‌డిలో ఫ్యాక్టరీ నుంచి 550 సీసీవి రెండు, 850 సీసీవి రెండు, మొత్తం 2,800 వస్తాయి. 300కి అవి సరిపోతాయి, 400కి చాలవు. కనీస బూస్ట్‌తో ఆగే ఆర్‌ఎక్స్-8కు కూడా ఇదే పద్ధతిలో లెక్క కట్టి, ఆ తరువాతే ఇంజెక్టర్లు కొనండి.

పంపు గంటకు 255 లీటర్ల తరగతిది పెట్టి, దానికి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ, రిలే వేయించండి. పాత తీగలో వోల్టేజీ పడిపోతే కొత్త పంపు కూడా పాతదానిలాగే పనిచేస్తుంది. ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) మీదున్న పాత పల్సేషన్ డ్యాంపరును (పెట్రోలు ఒత్తిడి కుదుపులను తగ్గించే భాగాన్ని) తప్పకుండా మార్చండి. అది కారి ఎఫ్‌సి, ఎఫ్‌డి కార్ల ఇంజను గదుల్లో మంటలు లేచిన సందర్భాలున్నాయి.

ఇంకొకటి. ఎఫ్‌డిలో ట్యాంకు సగానికి తగ్గాక వేగంగా పొడవైన మలుపు తిరిగితే పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. ఒక్క క్షణం మిశ్రమం పల్చబడుతుంది, బూస్ట్‌లో ఆ క్షణమే చాలు. రేస్ ట్రాక్ మీదికి వెళితే ట్యాంకు నిండుగా ఉంచండి, లేదా సర్జ్ ట్యాంకు (పంపుకు ఎప్పుడూ పెట్రోలు అందేలా చూసే చిన్న ట్యాంకు) పెట్టించండి.

ఆక్టేన్ అంకెల దగ్గర దేశం మారితే పొరపాటు జరుగుతుంది. అమెరికా బంకు మీద రాసే 93, ఆస్ట్రేలియాలో రాసే 98 దాదాపు ఒకటే. దేశాన్ని బట్టి కొలిచే పద్ధతి వేరు.

అడుగు 7: స్పార్కు

ఒక్కో రోటరుకు రెండు ప్లగ్గులు. కింద ఉండే లీడింగ్ ముందు వెలుగుతుంది, పైనున్న ట్రైలింగ్ ఆ తరువాత. ఎఫ్‌డిలో రెండు లీడింగ్ ప్లగ్గులూ ఒకే కాయిల్ నుంచి కలిసి వెలుగుతాయి కాబట్టి వాటి తీగలు తారుమారైనా ఏమీ కాదు. ట్రైలింగ్ తీగలు తారుమారైతే మాత్రం ఆ ప్లగ్గులు తప్పు సమయంలో వెలుగుతాయి. ఇంజను నడుస్తున్నట్టే ఉంటుంది, బూస్ట్ రాగానే సీల్ విరుగుతుంది. తీగలకు గుర్తులు పెట్టుకుని, బిగించాక ఇంకొకరితో చూపించండి.

బూస్ట్ పెంచితే నాలుగు చోట్లా 9 నంబరు చల్లని (వేడిని త్వరగా వదిలే) ప్లగ్గులే వాడండి. ఆర్‌ఎక్స్-8లో కాయిల్స్ బలహీనమైనవి. కాయిల్ చస్తే మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దాన్ని కరిగించి మూసేస్తుంది, వేడి వెనక్కి తన్ని ఇంజను చస్తుంది. టర్బో ఉన్న ఆర్‌ఎక్స్-8కు మొదటే బలమైన కాయిల్స్ వేయించండి.

అడుగు 8: ఇప్పుడు టర్బో

గాలి లెక్క చూద్దాం. 1.308 లీటర్లు, 7,500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 9,800 లీటర్లు. 0.7 బార్ బూస్ట్ అంటే 1.7 రెట్లు. నష్టాలు తీసేస్తే నిమిషానికి సుమారు 17 నుంచి 18 కిలోల గాలి. కంప్రెసర్ మ్యాపు (టర్బో ఏ గాలికి, ఏ ఒత్తిడికి ఎంత బాగా పనిచేస్తుందో చూపే పటం) మీద ఈ బిందువు మంచి సామర్థ్యం ఉన్న ద్వీపంలో పడాలి. అంచున పడితే టర్బో గాలిని కుక్కే బదులు కాల్చి పంపుతుంది.

టర్బైన్ వైపు పిసినారితనం వద్దు. 1.3 లీటర్లే కదా అని చిన్న హౌసింగ్ పెట్టినవాళ్లు త్వరగా బూస్ట్ వచ్చిందని మురిసిపోతారు, పై వేగంలో వెనక ఒత్తిడి పెరిగి కాలిన పొగ గదిలోనే మిగిలి నాకింగ్ తెస్తుంది. ఒకే టర్బో పెట్టే 13బిలకు ఏ/ఆర్ (టర్బైన్ హౌసింగ్ దారి వెడల్పును చెప్పే అంకె) 1.0 చుట్టుపక్కల ఉన్నవి ఎక్కువగా వాడేది ఇందుకే. బూస్ట్ కొంచెం ఆలస్యంగా వచ్చినా సీల్స్‌కు అదే క్షేమం.

వేస్ట్‌గేటు (బూస్ట్ మించకుండా పొగను టర్బైన్ పక్కనుంచి దారి మళ్లించే వాల్వు) బయట బిగించే పెద్దదై ఉండాలి, పొగ దారి మెలిక లేకుండా దాని వైపు తిరగాలి. రోటరీ పొగ పరిమాణం ఎక్కువ కాబట్టి చిన్న గేటు చాలక బూస్ట్ తనంతట తాను పైకి పాకుతుంది. ఎఫ్‌డి ఫ్యాక్టరీ టర్బోలతో ఉండగానే సైలెన్సరు, డౌన్‌పైపు, గాలి దారి మూడూ మార్చి, కంప్యూటరు మార్చకుండా నడిపి ఇంజను పోగొట్టుకోవడం ఈ కార్ల చరిత్రలో పాత కథ. అడ్డు తగ్గింది, బూస్ట్ పెరిగింది, పెట్రోలు మాత్రం పాత లెక్కలోనే వచ్చింది.

మానిఫోల్డు మందపాటి ఉక్కుది గానీ పోత ఇనుముది గానీ ఉండాలి. రోటరీ పొగ పిస్టన్ ఇంజను పొగ కన్నా వేడి, పల్చని గొట్టాలు అతుకుల దగ్గర పగులుతాయి. ఇంటర్‌కూలరును (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేదాన్ని) రేడియేటరు ముందు అడ్డంగా పెడితే రేడియేటరుకు వేడి గాలే అందుతుంది. ఎఫ్‌డిలో రెండింటినీ వి ఆకారంలో ఏటవాలుగా అమర్చి, వాటి చుట్టూ గాలి తప్పించుకోకుండా రేకులు కట్టే పద్ధతి నాకు బాగా నచ్చినది. రేకులు కట్టని వి అమరిక వల్ల ఉపయోగం లేదు.

అడుగు 9: ట్యూనింగ్

రోటరీని ఇంతకుముందు ట్యూన్ చేసిన మనిషినే వెతకండి, దూరమైనా సరే. పిస్టన్ ఇంజన్లలో ఆరితేరినవాడు సైతం ఇక్కడ అలవాటు కొద్దీ స్పార్కును ముందుకు జరిపి, మిశ్రమాన్ని పల్చన చేసి శక్తి వెతుకుతాడు.

బూస్ట్‌లో గాలికి పెట్రోలు నిష్పత్తి 11.0 నుంచి 11.5 మధ్య ఉంచమనండి. లీడింగ్, ట్రైలింగ్ మధ్య 10 నుంచి 15 డిగ్రీల ఎడం ఉండాలి, ట్రైలింగ్ ఎన్నడూ ముందు వెలగకూడదు. వేస్ట్‌గేటు స్ప్రింగు ఇచ్చే కనీస బూస్ట్‌తో మొదలుపెట్టి 0.1 బార్ చొప్పున పెంచాలి. ప్రతి మెట్టులోనూ ప్లగ్గులు తీసి చూడాలి, నాకింగ్‌ను చెవికి హెడ్‌ఫోన్లతో వినాలి. ఈ ఇంజనులో మామూలు చప్పుడే ఎక్కువ కాబట్టి సెన్సారు అంకె ఒక్కదాని మీద ఆధారపడటం ప్రమాదం.

ఒక మెలిక చెప్పాలి. ప్లగ్గు ఒకసారి వెలగకపోతే మండని గాలి పొగలోకి వస్తుంది, మీటరు దాన్ని పల్చని మిశ్రమమని చూపుతుంది. అప్పుడు పెట్రోలు ఇంకా పోస్తే ప్లగ్గు ఇంకా తడిసి ఇంకా తప్పుతుంది. మీటరు ఉన్నట్టుండి పల్చన చూపితే ముందు స్పార్కును అనుమానించండి.

పెట్రోలు ఒత్తిడి పడినా, మిశ్రమం పల్చబడినా, బూస్ట్ అనుకున్నదానికన్నా పెరిగినా కంప్యూటరే ఇంజనును ఆపేలా హద్దులు పెట్టించండి. అమెరికాలో ఉంటే మీ రాష్ట్రపు కాలుష్య నిబంధనలు కూడా ముందే చూసుకోండి, కాలిఫోర్నియాలో ఆమోదం లేని టర్బో భాగాలతో పరీక్ష దాటలేరు.

అడుగు 10: నడిపే తీరు

కొత్తగా కట్టిన ఇంజనైతే మొదటి 1,500 కి.మీ. బూస్ట్ రానివ్వకండి. 500 దగ్గర ఆయిల్ మార్చండి. ఆ తరువాత 4,000 నుంచి 5,000 కి.మీ.కు ఒకసారి మార్చాలి, ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది కాబట్టి. ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా బూస్ట్ ముట్టుకోవద్దు. గట్టిగా నడిపాక చివరి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా రండి. చల్లని ఇంజనును స్టార్టు చేసి, కారు పక్కకు జరిపి, వెంటనే ఆపేస్తే పెట్రోలు నిండి మళ్లీ లేవదు. స్టార్టు చేశాక ఇంజను వేడెక్కేదాకా ఆపకండి.

అడుగు 11: ఇంజను చెప్పే మాటలు వినండి

వేడిగా ఉన్నప్పుడు స్టార్టరు చాలాసేపు తిప్పితే గానీ అందుకోకపోతే కంప్రెషన్ తగ్గుతోంది. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు తియ్యని వాసనతో తెల్లని పొగ వచ్చి, కూలెంట్ మట్టం మెల్లగా దిగుతుంటే నీటి సీల్స్ పోతున్నాయి. రేడియేటరు మూత తీసి ఇంజను నడిపితే బుడగలు వరుసగా రావడం దానికి రుజువు. ఐడిల్‌లో ఉన్నట్టుండి ఒక గుర్రపు డెక్క చప్పుడులా కొట్టుకోవడం మొదలైతే, శక్తి సగానికి పడిపోతే, ఎపెక్స్ సీల్ విరిగింది. వెంటనే ఇంజను ఆపండి. ఇంటిదాకా నడిపించుకు వెళ్దామనుకుంటే ఆ ముక్క హౌసింగ్‌ను, టర్బైన్‌ను కూడా తినేస్తుంది.

అలా ఆగిపోయిన ఇంజనును విప్పేటప్పుడు టర్బోను వేరుగా పక్కన పెట్టేయకండి. ఎగ్జాస్ట్ హౌసింగ్ తీసి టర్బైన్ రెక్కల అంచులను దీపం వెలుగులో ఒక్కొక్కటిగా చూడండి. ఏ రెక్క కొసైనా నొక్కుకుపోయి ఉంటే, షాఫ్ట్ చేతికి ఊగుతుంటే ఆ టర్బోను కొత్త ఇంజనుకు బిగించకూడదు. మానిఫోల్డు, డౌన్‌పైపు లోపల మిగిలిన సీల్ ముక్కలను కూడా దులిపి తీసేశాకే తిరిగి కట్టండి. ఇంజెక్టర్లను కొలతకు పంపి, ఏ రోటరు సీల్ విరిగిందో దాని ఇంజెక్టర్లు తక్కువ పోస్తున్నాయేమో చూడండి. కారణం దొరకకుండా కట్టిన ఇంజను మళ్లీ అదే చోట విరుగుతుంది.